కడగని బుట్ట

యాదక్క ఇంట్లో ఒక వెదురు బుట్ట ఉండేది. దాన్ని ఎవరూ కడగకూడదు. యాదక్క అత్త కడగలేదు, అత్తకు అత్త కడగలేదు, యాదక్క కూడా తన ముప్పై ఏళ్ల కాపురంలో దానికి చుక్క నీళ్లు తగలనివ్వలేదు. దసలి పట్టు పండించే ఇల్లు అది. పంట ముగిశాక విత్తనానికని ఏరిపెట్టిన పట్టుకాయలు, అంటే పట్టుగూళ్లు, ఆ బుట్టలోనే చలికాలం, ఎండాకాలం గడుపుతాయి. తొలకరి పడగానే కాయల్లోంచి అరచెయ్యంత రెక్కల సీతాకోకచిలుకలు బయటికొచ్చి, ఆ బుట్టలోనే జతకట్టి, అందులోనే గుడ్లు పెడతాయి. బుట్ట కడిగితే అమ్మవారు దాంట్లో పెట్టిన బర్కత్, ఆ కలిసొచ్చే గుణం, నీళ్ల వెంట పోతుందని వాళ్ల నమ్మకం. బర్కత్ సంగతి అమ్మవారికే తెలియాలి గాని, మూడు తరాల చిలుకల రెక్కల పొడి, రెట్ట, ఎండిన గుడ్డు పెంకులు మాత్రం ఎక్కడికీ పోకుండా అడుగున అట్టకట్టి ఉన్నాయి.

సిరొంచను ఆనుకొని ప్రాణహిత ఒడ్డున పదహారు గడపల వాడ వాళ్లది. గోదావరి మీద పడవల దారి కోసం తెల్లదొరలు మొదలుపెట్టిన పని ఆగిపోయి అప్పటికి మూడేళ్లు. ఆ కూలి పోయాక వాడకు దసలి పట్టే దిక్కు. గుడ్లు పగిలి పిల్లలు పుట్టగానే మగవాళ్లు వాటిని అడవికి తీసుకెళ్లి మద్దిచెట్ల మీద వదిలి, పక్కనే గుడిసెలు వేసుకొని కాకుల మీద, చీమల మీద కాపలా ఉంటారు. వాటిని పురుగులు అనకూడదు, పిల్లలు అనాలి. అవి కాయ కట్టేదాకా మగవాడు తలకు నూనె రాయడు, గడ్డం గీయడు, నేల మీదే పడక. ఇంట్లో ఆడది పోపు వేయదు, పసుపు పూసుకోదు. అన్నిటికన్నా గట్టి కట్టుబాటు ఇంకొకటుంది. ఆడది ఆ గుడిసె ఛాయలకు పోకూడదు.

యాదక్క కోడలు చిన్నక్క పోయింది.

పోయినేడు కార్తీకంలో యాదక్క కొడుకు లస్మయ్యకు గుడిసెలో చలిజ్వరం పట్టుకుంది. మూడు రోజులు కబురు లేకపోయేసరికి చిన్నక్క జావ కాచుకొని అడవికి నడిచింది. మొగుడికి తాగించి, నుదుటి మీద తడిగుడ్డ వేసి, జ్వరం దిగాక తిరిగొచ్చింది. దాచనూ లేదు. అడిగితే "పోయిన" అని ఒక్క ముక్క చెప్పింది. ఆ పంటలో పిల్లల ఒళ్లంతా మిరియప్పొడి చల్లినట్టు నల్లమచ్చలు లేచాయి. కొమ్మలకు తలకిందులుగా వేలాడి ముప్పాతిక వంతు చచ్చిపోయాయి, మిగిలినవే కాయ కట్టాయి. అంతకు ముందేడూ ఇలాగే చచ్చాయి కదా, అప్పుడు గుడిసెకు ఎవరు పోయారని అడిగిన మనిషి లేడు. దోషి చేతికి దొరికాక ఆరాలు ఎవరికి కావాలి!

కులపెద్ద ఐలన్న తీర్పు చెప్పాడు. ఈ ఏడాది పట్టుపిల్లలు చెట్టెక్కక ముందే చిన్నక్క బామ్నిలో ఉన్న పుట్టింటికి పోవాలి, మళ్లీ ఈ గడప తొక్కకూడదు. ఆమె ఉంటే లస్మయ్య పట్టుపిల్లలను తమ చెట్ల దరిదాపుల్లో ఎవరూ పెట్టనివ్వరు. లస్మయ్య తల వంచుకు కూర్చున్నాడు. యాదక్క "మంచిది" అంది.

అన్నదే గాని ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు. చిన్నక్క ఇంటికొచ్చి నాలుగేళ్లు. తొడ మీద పేనితే దారం వెంట్రుకంత సన్నంగా తీస్తుంది. ఒక్కసారి ఎదురు మాట్లాడి ఎరగదు, అదే యాదక్కకు మంట. తిరిగి ఒక మాటంటే ఇద్దరూ నాలుగు అనుకొని ఊరుకునేవాళ్లు కదా! మాట్లాడని మనిషిని పొమ్మనడం ఎంత కష్టమో పొమ్మన్నాక గాని తెలియలేదు.

మృగశిర ఇంకా వారం ఉందనగా, బుట్ట అంచు సవరిస్తుంటే వెదురు పేడు యాదక్క బొటనవేలిలో దిగింది. వేలు వాచి చీము పట్టింది. తిట్టుకుంటూ కోట పక్కనున్న సర్కారు దవాఖానకు పోయింది.

అక్కడ కిషన్‌రావు అని చాందా నుంచి వచ్చిన కాంపౌండరు. ఇక్కడి మాట ఇక్కడివాళ్లలాగే మాట్లాడతాడు. డాక్టరు దొర గోదావరి పనితో పాటే వెళ్లిపోతూ తన ఇత్తడి దుర్బీను ఇతనికి వదిలిపెట్టాడు. అది దూరంవి చూసేది కాదు, చిన్నవి చూసేది. రోగులు లేని పూట దోమ రెక్క, ఆకు ఈనె, నదినీటి చుక్క, ఏది దొరికితే అది దాని కింద పెట్టి ఒంటికన్ను వేసుకొని కూర్చుంటాడు. దాంతో ఊళ్లో అతనికి కొంచెం పిచ్చివాడన్న పేరు కూడా ఉంది.

పేడు లాగి, చీము పిండి, వేలికి ఎర్రటి మందు పూశాడు. ఒక చుక్క జారి యాదక్క చెంగు మీద పడింది. పడ్డచోట ఎరుపు పోయి నీలంగా, చూస్తుండగానే నల్లగా మారింది.

"అయ్యో రావుసాబూ, ఏంది గిది? నల్లగయింది!"

"పరేషాన్ గాకవ్వా. పొద్దుగాల గంజి వంచినవా?"

"వంచిన. నీకెట్ల ఎర్క?"

"గంజి చెంగుకు అంటింది. గంజి యాడున్నా గీ మందు పట్టిస్తది. బియ్యంల గని, దుంపల గని, కంటికి కనవడకున్నా బయటవెడ్తది."

యాదక్క మరక వంక చూసింది, సీసా వంక చూసింది. దాగినదాన్ని బయటపెట్టే మందు!

"పాపం గూడ పట్టిస్తదా?"

కిషన్‌రావుకు నవ్వొచ్చింది గాని ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. "పాపం సంగతి నాకెర్క లేదు. రోగమైతే ఒక్కోపాలి కనవడ్తది. ఇటు రా" అని ఉల్లిగడ్డ పొరల మధ్యనుండే పల్చటి తోలు ఒలిచి, గాజుపలక మీద పరిచి, అదే మందు చుక్క వేసి దుర్బీను కింద పెట్టాడు.

యాదక్క ఏ కన్ను మూయాలో తెలియక కాసేపు రెండూ మూసుకుంది. తర్వాత చూసింది. గదులు! గది పక్కన గది, గోడకు గోడ, మేస్త్రీ కట్టినంత తీరుగా. ఒక్కో గదిలో ఒక్కో చిన్న మచ్చ.

"ఎవరు కట్టిండ్రయ్యా గీ ఇండ్లు?"

"ఎవరు గట్టలే. ఒక గది రెండైతది, రెండు నాలుగైతయి. ఉల్లిగడ్డయినా, మద్దాకయినా, మీ దసలి పిల్లయినా, నువ్వయినా నేనయినా గసొంటి గదులే. మీ పిల్ల ఆకు నమిలి ఆకుగదులు పలగ్గొడ్తది. ఆ రసం తోని తన గదులు గట్టుకుంటది. దాంట్లకెల్లే దారం గూడ తీస్తది. ఆ దారానికి బంకుంటది గద..."

"ఉంటది. బూడిద నీళ్లల్ల ఉడకబెడ్తె వదుల్తది. వట్టి నీళ్లల్ల పొద్దంత ఉడకబెట్టినా వదలది. నాకే చెప్తున్నవా?"

"గదే అవ్వా, నువ్వు జేసేది రసాయనం."

"నేను జేసేది పట్టు" అని యాదక్క చెంగు దులుపుకొని లేచింది.

తొలకరి పడింది. బుట్టలో కాయలు మెత్తబడి చిలుకలు రావడం మొదలైంది. పెద్ద తల్లిచిలుకలు, పసుపుపచ్చ రెక్కల మీద కళ్లలాంటి చుక్కలు. అవి గుడ్లు పెడుతుంటే యాదక్కకు ఏటేటా ఉండే సంబరం ఈసారి లేదు. గుడ్లు పగలడానికి తొమ్మిది రోజులు. అంటే చిన్నక్కకు ఈ ఇంట్లో తొమ్మిది రోజులు. ఆ పిల్ల అప్పుడే తన రెండు చీరలు ఉతికి ఆరేసుకుంది.

కోడలి పాపాన్ని ఒక్కసారి కళ్లారా చూస్తే పంపడానికి మనసు రాయి అవుతుందని యాదక్కకు తోచింది. గుడ్లు పెట్టి అలిసిన తల్లిని ఒకదాన్ని ఆకుదొప్పలో పెట్టుకొని, వేలు నొప్పి అని ఇంట్లో చెప్పి, దవాఖానకు పోయింది.

"దీంట్ల నా కోడలు జేసిన పాపం ఉన్నది. సూడు" అని కథంతా చెప్పింది.

కిషన్‌రావు చిలుక కడుపులోంచి ఆవగింజంత తీసి, నీటి చుక్కలో నూరి, పలక మీద పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. కన్ను పక్కకు తీసి తుడుచుకొని మళ్లీ చూశాడు. తర్వాత పక్కకు జరిగి ఆమెను రమ్మన్నాడు. గదులు చితికిపోయి ఉన్నాయి. వాటి నిండా, వాటి చుట్టూ, దంచిన బియ్యం ఆరబోసినట్టు మెరిసే కోలగింజలు.

"గివేనా పాపం?"

"పాపం గాదు, రోగం. సముద్రం అవతల ఒక దేశంల పట్టుపురుగులకు గిసొంటిదే వచ్చిందట. తల్లులను ఒక్కొక్కదాన్ని నూరి సూసి, మంచిదాని గుడ్లే ఉంచుకున్నరని దొర ఇడిసిపోయిన కాయితాలల్ల చదివిన. తల్లికుంటే గుడ్డుకొస్తది, గుడ్డుకెల్లి పిల్లకొస్తది. ఆ పిల్ల రెట్ట ఆకు మీద పడితే పక్క పిల్లకంటుతది."

"మరి ఆడది గుడిసెకు పోతే?"

"పోతే ఏమైతది? జావ తాగిన మొగడు బతుకుతడు."

యాదక్క కూర్చుండిపోయింది. కిషన్‌రావు పలక కడుగుతూ, ఆమెను నొప్పించాలని కాదు, మామూలుగానే అడిగాడు. "విత్తనం ఏరేది ఎవరవ్వా మీ ఇంట్ల?"

విత్తనం ఏరేది యాదక్క. ఈ పని ఇంకొకరిని ముట్టనివ్వని యాదక్క.

ఒక్క చిలుకను చూసి నమ్మే రకం కాదామె. మర్నాటి నుంచి ఒక్కో తల్లిని ఒక్కో దొప్పలో, దాని గుడ్లు దాని దగ్గరే వేరుగా పెట్టి, గుర్తుకు దారం ముళ్లు వేసి తెచ్చింది. నలభై తల్లులు. రెండు రోజులు కిషన్‌రావు నూరాడు, ఇద్దరూ చూశారు. ముప్పై ఎనిమిదింట్లో గింజలు. ఆఖరికి బుట్ట అడుగున గీకిన పొడి కూడా తెచ్చింది. దాంట్లోనూ అవే మెరిశాయి. ఏటేటా రోగాన్ని దాచి, పెంచి, పిల్లలకు పెట్టింది తన బుట్టే.

అప్పుడు ఆమెకు ఇంకో భయం పట్టుకుంది. ఆ బుట్టను ముప్పై ఏళ్లు ఒళ్లో పెట్టుకున్నది తానే. "రావుసాబూ, నా ఒంట్ల గూడ ఉన్నయేమో సూడు" అంది. అతను పుల్లతో ఆమె బుగ్గ లోపల మెత్తగా గీకి, మందు చుక్క వేసి చూపించాడు. పల్చటి గదులు, ఒక్కో గది నడుమ ఒక్కో గింజ.

"ఉన్నయి! సచ్చిన్నయ్యో!"

ఈసారి కిషన్‌రావు నవ్వు ఆపుకోలేకపోయాడు. "అది రోగం గాదవ్వా. గదికి పెద్దదిక్కు అది. అది లేకుంటే గది బతకది. ఉల్లిగడ్డల సూడలేదా? ప్రతి గదిల అసొంటిది ఒక్కటుంటది."

యాదక్క ఊపిరి పీల్చుకుంది. మళ్లీ వంగి తన గదులను తాను చాలాసేపు చూసుకుంది. "నా కోడలివి గూడ గిట్లనే ఉంటయా?"

"ఆమెవి, నావి, దొరవి. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో నేను గూడ చెప్పలేను."

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది. మిగిలిన ఆ రెండు తల్లుల గుడ్లూ ఆ బుట్టలోనే దొర్లాయి, వాటినీ నమ్మడానికి లేదు. విత్తనం లేని దసలి ఇల్లు ఇల్లేనా? తల పైకెత్తేసరికి చూరు కింద దండ కనపడింది.

పన్నెండు పట్టుకాయల దండ అది. మొగుడికి జావ తాగించి వస్తుంటే అడవి దారిలో మద్దిచెట్లకు దొరికాయని చిన్నక్క ఏరుకొచ్చింది. "అత్తా, బుట్టల ఎయ్యాల్నా?" అని అడిగింది కూడా. "ఛీ, అడివి కాయను ఇంటి బుట్టలేస్తరా!" అని యాదక్కే కసిరింది. చిన్నక్క వాటి కాడలను దారంతో దండగా ముడివేసి చూరుకు కట్టింది. ఇప్పుడు వాటిలోంచి కూడా చిలుకలొచ్చాయి. ఏడు తల్లులు ఆ దండనే పట్టుకొని గుడ్లు పెట్టి ఉన్నాయి.

ఏడు దొప్పలు దవాఖానకు పోయాయి. కిషన్‌రావు ఒక్కోదాన్ని రెండుసార్లు చూశాడు. ఒక్క గింజ లేదు. ఏడింట్లోనూ లేదు. ఏ నడకకు ఆ పిల్లను వెళ్లగొడుతున్నారో ఆ నడకే ఇంటికి విత్తనం తెచ్చింది. యాదక్క దవాఖాన మెట్ల మీద కూర్చొని, పోయేవాళ్లు వచ్చేవాళ్లు చూస్తున్నారని కూడా పట్టించుకోకుండా ఏడ్చింది. అది దుఃఖం కాదు. మొదట సిగ్గు, తర్వాత కృతజ్ఞత. ఆ రెండోది అంత బరువుంటుందని ఆమెకు అంతవరకు తెలియదు.

తొమ్మిదో రోజు పొద్దున ఏటి ఒడ్డున వాడంతా కూడింది. చెట్లు పంచుకునే రోజు అది. చిన్నక్క తన మూట ఒళ్లో పెట్టుకొని ఒక పక్కన కూర్చుంది. లస్మయ్య ఆమె వంక చూడలేక ఏటి వంక చూస్తున్నాడు. యాదక్క వేలికి కట్టుతో, నెత్తిన బుట్టతో వచ్చి, దాన్ని ఐలన్న ముందు బోర్లించింది. బుట్ట బోర్లించడమంటే ఆ వాడలో సామాన్యం కాదు. ఇద్దరు ముసలాళ్లు లేచి నిలబడ్డారు.

"ఐలన్నా, నా కోడలు తప్పు జెయ్యలే. తప్పు గీ బుట్టల ఉన్నది. బుట్ట నాది. ఏరిన చెయ్యి నాది."

"ఏం మాటలు యాదక్కా! ఆ పిచ్చి కాంపౌండరు గాజుబిళ్లల ఏందో సూపెట్టిండట..."

"ఆయన సూపెట్టిండు, సూసింది నా కన్ను. నలభై తల్లులను సూసిన. రెండేండ్లు పంట పోయింది గద, ముందటేడు గుడిసెకు ఎవరు పోయిండ్రు? చెప్పు. నీ పిల్లలు గూడ సచ్చినయి గద, మీ ఇంట్ల ఎవరు పోయిండ్రు?"

ఐలన్న గడ్డం గోక్కున్నాడు. యాదక్క చెకుముకి రాయి తీసి, రోగపు గుడ్లతో సహా మూడు తరాల బుట్టకు అక్కడే నిప్పు పెట్టింది. ఎండిన వెదురు కదా, భగ్గుమంది. ఆడవాళ్లు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

మంట ఆరాక ఐలన్న అన్నాడు. "సరే. నీ పిల్లలను వాగవతల చెట్ల మీద పెట్టుకో, మా చెట్లకు దూరంగ. బతికినయా, మేం నోరు మూసుకుంటం. సచ్చినయా, కోడలొక్కతే కాదు, మీ ఇల్లు ఇల్లంత కులానికి దూరం."

"ఒప్పుకున్న" అంది యాదక్క. చిన్నక్క దగ్గరికి పోయి, ఒళ్లోని మూట తీసుకొని ముడి విప్పింది. చీరలు తీసి ఆమె భుజాన వేసింది. ఆ మూటగుడ్డలోనే, తన చెంగున కట్టి తెచ్చిన ఏడు గుడ్ల దొప్పలు సర్ది మళ్లీ ముడి వేసింది.

"నడువు. పిల్లలు లేస్తున్నయి" అంది.

ఆ వానాకాలం యాదక్కకు కంటి మీద కునుకు తక్కువ. పూటపూటకు వాగు దాటిపోయి పిల్లల ఒంటి మీద మచ్చ కోసం వెతికేది. మూడు రోజులకోసారి కోడలితో గుడిసెకు జావ పంపేది, అందరూ చూస్తుండగానే. చిన్నక్క వెనకా ముందూ ఆడితే "జావ సల్లారిపోతది, బిరబిర పో" అని తరిమేది. పిల్లలు పచ్చగా, వేలంత లావున ఎదిగాయి. ఒక్క నల్లమచ్చ లేవలేదు. ఆకు మేసి మేసి, ఒక రోజు మేత మానేసి, కొమ్మకు కాడ కట్టుకొని దారం తీయడం మొదలుపెట్టాయి.

కాకులు తిన్నవి, గాలికి పోయినవి పోగా నాలుగు వందల పైచిలుకు కాయ దిగింది. మిగతా వాడలో సగానికి పైగా మళ్లీ పోయింది. ఐలన్న మాట మీద నిలబడ్డాడు, నోరు మూసుకున్నాడు. కొన్నాళ్లకు పంటినొప్పి అని దవాఖానకు పోయాడు. పంటినొప్పికి చేతిలో ఆకుదొప్ప ఎందుకో కిషన్‌రావు అడగలేదు.

యాదక్క మొదటి మూడు కాయలు కిషన్‌రావు బల్ల మీద పెట్టింది. అతను వద్దన్నాడు. "అమ్మవారికి పెట్టేటియి నీకు వెట్టిన. వద్దంటె నీకే మంచిది గాదు" అని బెదిరించి వచ్చింది.

ఆ సాయంత్రం ఏటి ఒడ్డున చిన్నక్క కొత్త బుట్ట ముందు పెట్టుకొని కూర్చుంది. విత్తనానికి కాయలు ఏరాలి. అలవాటుగా అత్త చెయ్యి కోసం చూసింది. యాదక్క కాయల గంప ఆమె వైపు తోసింది.

"నువ్వే ఏరు. ఇగ నుంచి నువ్వే. నువ్వుండబట్టి ఇల్లు నిలిచింది బిడ్డా. పొమ్మన్న నోరే ఇది, ఇయ్యాల చెప్తున్న, నువ్వు నా ఇంటికి రావుడు నా అదృష్టం." రెండు చేతులు చిన్నక్క చెంపలకు తాకించి తన కణతల దగ్గర మెటికలు విరిచింది. నయమైన బొటనవేలు కూడా టప్పుమంది.

చిన్నక్క కళ్లు తుడుచుకుంది. తర్వాత కొత్త బుట్టను అటూ ఇటూ తిప్పి చూసి మెల్లగా అడిగింది.

"అత్తా, దీన్ని కడగాల్నా?"

"కడుగు. ఏటేట కడుగు. రేపు నేను ముసల్దాన్నయి, మతి తప్పి, వద్దని అడ్డం పడ్డా సరే, నన్ను పక్కకు జరిపి కడుగు."

చిన్నక్క నవ్వి, బుట్ట పట్టుకొని ఏట్లోకి దిగింది.